శేషబీజం: ద్వైతవన మృగాల ప్రార్థన, ఉంఛవృత్తి చరిత్ర

మహాభారత ఆరణ్యపర్వంలో ఘోషయాత్ర ముగిసిన వెంటనే, ద్రౌపదీహరణ కథకు ముందుగా, మృగస్వప్నోద్భవ పర్వమనే అతి స్వల్పమైన ఉపపర్వం ఒకటి ఉన్నది. అది ఒక్క అధ్యాయం మాత్రమే. ఒకవైపు గంధర్వబంధం నుండి దుర్యోధనుని విడిపించిన వీరగాథ, మరొకవైపు సైంధవుని దుర్మార్గం. ఈ రెండింటి నడుమ చిక్కుకొన్నందున పురాణ ప్రవచనాలలో ఈ అధ్యాయాన్ని ప్రాయికంగా దాటివేస్తారు. తెలుగు భారతంలో ఈ భాగం ఎఱ్ఱాప్రగడ రచనలోకి వస్తుంది. అయినా కిరాతార్జునీయం తెలిసినంతగా, యక్షప్రశ్నలు తెలిసినంతగా ఈ స్వప్నవృత్తాంతం మన వారికి తెలియదు. మనుష్యుడు ప్రకృతి నుండి ఎంత స్వీకరించవచ్చుననే ప్రశ్నకు భారతీయ వాఙ్మయంలో ఇంత సూటిగా సమాధానమిచ్చిన ఘట్టం మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు.

ద్వైతవనంలో ఒక రాత్రి ధర్మరాజు నిద్రించుచుండగా స్వప్నంలో కొన్ని మృగాలు కనిపించాయి. వాటి కంఠాలు బాష్పాలతో గద్గదమై ఉన్నాయి, శరీరాలు వణుకుతున్నాయి, అవి అంజలి ఘటించి నిలిచాయి. మీరెవరు, ఏమి కోరి వచ్చారు అని రాజు అడిగాడు. తాము ద్వైతవన మృగాలమనీ, చంపబడగా మిగిలినవారమనీ అవి విన్నవించాయి. నీ సోదరులు శూరులు, అస్త్రవిద్యలో నిపుణులు. వారి వలన మా కులాలు స్వల్పావశిష్టమైనవి. ఇప్పుడు మేము విత్తనాలవలె మాత్రమే మిగిలియున్నాము. నీ అనుగ్రహముంటే మరల వృద్ధి పొందుతాము. కాబట్టి నివాసం మార్చుకొమ్మని ప్రార్థించాయి. ధర్మరాజు దుఃఖార్తుడై, అలాగే అగుగాక అని మాట ఇచ్చాడు. తెల్లవారగానే సోదరులను పిలిచి, మృగాలు చెప్పినది సత్యమనీ, వనవాసుల యెడల దయ చూపడం కర్తవ్యమనీ, సంవత్సరం మీద ఎనిమిది మాసాలుగా తాము వాటిని ఉపయోగిస్తూ ఉన్నామనీ చెప్పాడు. మరుభూమి అంచున తృణబిందు సరస్సు సమీపాన ఉన్న కామ్యకవనానికి వారు బయలుదేరారు. ఇంతటితో ఉపపర్వం సమాప్తం.

ఇందులో మొదట గమనింపవలసినది మృగాల మాటతీరు. అవి శపించలేదు, వేట పాపమని వాదించలేదు. పాండవులు క్షత్రియులు, మృగయ వారికి శాస్త్రవిహితం. వారు క్రీడార్థం చంపినవారూ కారు, అరణ్యంలో తమను ఆశ్రయించి ఉన్న బ్రాహ్మణసమూహాన్ని కూడా పోషించవలసిన వారు. అంటే వారి గ్రహణంలో అధర్మం లేదు, లోభం లేదు, ఆడంబరం లేదు. ఉన్నది కేవలం ఆవశ్యకత. అయినా మృగకులం నశించే దశకు వచ్చింది. లోభం వలన కలిగే నాశనం గురించి ఏ నీతిగ్రంథమైనా చెబుతుంది. న్యాయమైన అవసరం వలన కూడా నాశనం కలుగుతుందని చెప్పడమే ఈ అధ్యాయపు అపూర్వత.

ఇక్కడ ఒక సందేహం సహజంగా పుడుతుంది. సూర్యభగవానుడు ప్రసాదించిన అక్షయపాత్ర ఉండగా వేట ఎందుకని. ఆ వరం యొక్క స్వరూపాన్ని సావధానంగా చదివితే సందేహం తీరుతుంది. మహానసంలో సంస్కరింపబడిన ఫలాలు, మూలాలు, ఆమిషం, శాకం అనే చతుర్విధాన్నం ద్రౌపది భుజించేవరకు తరగకుండా ఉంటుందని వరం. వండినది తరగదే కాని వండవలసినది అడవి నుండి రావలసినదే. అక్షయపాత్ర ఉన్న ఇంటివారికి కూడా అడవి అక్షయం కాలేదన్నమాట.

పైగా ఇది వారికి మొదటి హెచ్చరిక కూడా కాదు. అంతకు ఎంతో ముందే, అర్జునుని కోసం ప్రతిస్మృతి విద్యను ఉపదేశించిన సందర్భంలో, వ్యాసభగవానుడు ధర్మరాజుకు నివాసం మార్చుకొమ్మని సలహా ఇచ్చాడు. ఒకేచోట చిరకాలం ఉండడం ప్రీతికరం కాదనీ, శాంతులైన తాపసులకు ఉద్వేగం కలుగుతుందనీ, బహుబ్రాహ్మణులను పోషిస్తున్నందున మృగాలు వినియోగమై, తీగలూ ఓషధులూ క్షీణిస్తాయనీ ఆనాడే చెప్పాడు. అప్పుడు వారు ద్వైతవనం విడిచి కామ్యకానికి వెళ్లారు. తరువాత మరల ద్వైతవనం చేరారు, మరల అదే సంభవించింది. ఋషి ముఖతః ఒకసారి విన్న మాటను మృగముఖతః రెండవసారి వినవలసి వచ్చింది. గురువు చెప్పినది మరచినప్పుడు ఆ గురుస్థానంలోకి మృగమే వచ్చి నిలబడిందని చెప్పుకోవచ్చు.

ఈ రెండు ఘట్టాలను కలిపి చదివితే, ఎంత తీసుకోవాలి అనే ప్రశ్నను ప్రాచీనులు ఎటువైపు నుండి అడిగారో స్పష్టమవుతుంది. నాకు ఎంత కావాలి అన్నది స్వీకర్త వైపు లెక్క. ఆ లెక్కలో పాండవులది ఏ తప్పూ లేదు. నేను తీసుకొన్న తరువాత అక్కడ ఏమి మిగిలింది అన్నది రెండవ లెక్క. మృగాలు స్వప్నంలో విప్పి చూపినది ఈ రెండవ లెక్కనే. తమను తాము బీజభూతులుగా చెప్పుకోవడంలోని స్వారస్యం అదే. కర్షకుడు ఎంత ఆకలిలోనూ విత్తనపు గింజను వండుకోడు.

భారత సంవిధానంలో యాదృచ్ఛికమని తోసివేయలేని విషయం ఇంకొకటున్నది. ఈ స్వప్నం ముగిసి పాండవులు కామ్యకం చేరగానే వ్యాసుడు అక్కడికి వస్తాడు, వచ్చి ముద్గలోపాఖ్యానం చెబుతాడు. ఆ ఉపపర్వానికి వ్రీహిద్రౌణికమని పేరు. ముద్గలుడు కురుక్షేత్రవాసి. శిలోంఛవృత్తితో జీవించేవాడు. పక్షం రోజులు కపోతంవలె గింజలేరి ఒక ద్రోణం వడ్లు కూడబెట్టేవాడు. ప్రాచీన మానంలో నాలుగు కుడవాలు ఒక ప్రస్థం, నాలుగు ప్రస్థాలు ఒక ఆఢకం, నాలుగు ఆఢకాలు ఒక ద్రోణం. ఆ ద్రోణంతోనే దర్శపూర్ణమాసాలు చేసి, దేవతలకు, అతిథులకు పెట్టి, మిగిలినది పక్షానికొకసారి భార్యాపుత్రులతో భుజించేవాడు. దుర్వాసుడు ఉన్మత్తవేషంతో వరుసగా ఆరు పర్వదినాలు వచ్చి అన్నమంతా తిని, ఎంగిలి మెతుకులు ఒంటికి పూసుకొని పోయాడు. ముద్గలునికి ఆకలి వలన గాని, అవమానం వలన గాని వికారం కలుగలేదు. దుర్వాసుడే సంతోషించి సశరీర స్వర్గాన్ని ప్రకటించాడు, దేవదూత విమానంతో వచ్చాడు.

అప్పుడు ముద్గలుడు అడిగిన ప్రశ్న గొప్పది. స్వర్గంలో గుణాలేవి, దోషాలేవి అని అడిగాడు. అక్కడ కర్మఫలాన్ని అనుభవించడమే తప్ప కొత్త కర్మ చేయడం లేదనీ, మూలం తరిగిపోగానే పతనం తప్పదనీ దూత చెప్పాడు. ముద్గలుడు విమానానికి నమస్కరించి తిప్పి పంపాడు. గింజలేరుకొని బ్రతికే వానికి ఆ దోషం వెంటనే అర్థమయింది. స్వర్గమంటే కూడా నిల్వ ఉన్నది తిని కూర్చోవడమే, విత్తనం లేని పంట. విత్తనం మిగిల్చి తరలిపోయిన రాజుకు, విత్తనం లేని భోగాన్ని తిరస్కరించిన గృహస్థు కథను వ్యాసుడు ఎందుకు చెప్పాడో వేరుగా వివరించనవసరం లేదు.

ఉంఛం అనే పదం నేడు వాడుకలో చాలా మారిపోయింది కనుక దాని శాస్త్రార్థాన్ని ఇక్కడ నిలిపి చూడాలి. పంట కోసి, కుప్ప వేసి, యజమాని ఇంటికి తరలించుకొన్న తరువాత పొలంలో రాలి ఉన్న గింజలను ఒక్కొక్కటిగా ఏరుకోవడం ఉంఛం. విడిచిపోయిన వెన్నులను ఏరుకోవడం శిలం. తెలుగు పల్లెలలో దీనికి పరిగె ఏరుకోవడమని చక్కని పేరు. మనుస్మృతి బ్రాహ్మణ జీవికలను వర్గీకరిస్తూ ఉంఛశిలాలకు ఋతమని పేరు పెట్టింది. అడగకుండా వచ్చినది అమృతం, యాచించినది మృతం, కృషి ప్రమృతం, వాణిజ్యం సత్యానృతం, సేవ శ్వవృత్తి. అంటే పరిగె ఏరుకొనేవాని జీవిక, ఋతువులను సూర్యచంద్రులను నడిపించే ఋతంతో సమాన నామం పొందింది. యాచనకు కూడా ఆ గౌరవం దక్కలేదు. కారణం ఊహింపదగినదే. యాచనలో మరొకని భాగం తగ్గుతుంది, ఉంఛంలో ఎవరి భాగమూ తగ్గదు.

బౌధాయన ధర్మసూత్రం తృతీయ ప్రశ్నలో గృహస్థులను శాలీనులు, యాయావరులు, చక్రచరులు అని విభజించి, వారికి తొమ్మిది వృత్తులను విధించింది. అందులో శిలోంఛ ఒకటి, కాపోత మరొకటి. కాపోతవృత్తిలో నియమమేమనగా, ఎవరి అడ్డూ లేని దారులలోనో పొలాలలోనో ఓషధులున్న తావున రెండు వ్రేళ్లతో మాత్రమే ఒక్కొక్క గింజను పట్టి తీయాలి. పావురం ముక్కు రెండు మొనలదే. పిడికిలి పట్టకూడదు, దోసిలి పట్టకూడదు. ఆకలికి హద్దు గీయడానికి చేతికి పక్షి ముక్కు రూపాన్ని విధించారు పూర్వులు. ఉపదేశం మనస్సుకు చేస్తే మనస్సు తప్పించుకొంటుందని వారికి తెలుసు, అందువలన వ్రేళ్లకు చేశారు. మృగాలతో కలసి సంచరిస్తూ, వాటితో కలసి వసిస్తూ, వాటివంటి వృత్తితోనే జీవించడాన్ని స్వర్గపు ప్రత్యక్ష లక్షణంగా ఆ సూత్రకారుడే అరణ్యవాసుల ప్రసంగంలో ప్రశంసించాడు.

ఇక నిల్వ విషయం. మనుస్మృతి చతుర్థాధ్యాయంలో గృహస్థులు నలుగురు: కుసూలధాన్యకుడు, అనగా గాదె నిండా ధాన్యమున్నవాడు, కుంభీధాన్యకుడు, అనగా కుండెడు ధాన్యమున్నవాడు, మూడు దినాలకు సరిపడ ఉన్నవాడు, రేపటికి లేనివాడు, అనగా అశ్వస్తనికుడు. వీరిలో ముందువాని కంటె తరువాతివాడు శ్రేష్ఠుడు. గాదె పెట్టుకోవడం పాపమని స్మృతి అనలేదు. నలుగురికీ చోటిచ్చింది, మెట్లు మాత్రం చూపింది. గాదె అంటే ఎంత అన్న ప్రశ్నకు వ్యాఖ్యాతలు భిన్నమార్గాలు పట్టారు. కొందరు కుటుంబానికి పన్నెండు దినాల ధాన్యమన్నారు, కొందరు మూడేళ్ల ధాన్యమన్నారు. మూడేళ్లవారికి ఆధారం లేకపోలేదు. మూడేళ్లకు సరిపడ ధాన్యమున్నవాడే సోమయాగానికి అర్హుడని మనువే మరొకచోట అన్నాడు. అయినా ఒకే పదం పన్నెండు దినాల నుండి మూడు సంవత్సరాలకు సాగడంలో శాస్త్రార్థమెంత, గాదెల యజమానుల ముఖం చూచి వచ్చిన మొగమాటమెంత అన్నది విజ్ఞులు యోచించవలసినదే. వానప్రస్థునికైతే ఆ సందిగ్ధం కూడా లేదు. ప్రతి ఆశ్వయుజ మాసంలో అతడు పూర్వసంచితమైన నీవారధాన్యాన్ని, జీర్ణవస్త్రాలను, శాకమూలఫలాలను విడిచిపెట్టాలి.

నారాయణ పండితుని హితోపదేశంలోని నక్క ఈ గాదెల లెక్కకు మంచి వ్యాఖ్యానం. వ్యాధుడు, మృగం, వరాహం, సర్పం ఒకేచోట చచ్చి పడి ఉండగా నక్క వచ్చి చూచింది. మనిషి మాంసం ఒక నెలకు, లేడీ పందీ కలసి రెండు నెలలకు, పాము ఒక దినానికి అని గణించి, ఇవన్నీ దాచి నేటికి వింటి నారి తింటే చాలుననుకొంది. నారి కొరకగానే తెగిన ధనుస్సు దాని హృదయాన్ని చీల్చింది. నక్క మరణించినది ఆకలితో కాదు, గణితంతో. ఎదుట ఆహారముండగా చర్మపు నారిని తినడం మితాహారం కాదు, అది పిసినితనం. ఈ భేదాన్ని కథ సూక్ష్మంగా పట్టుకొన్నది.

అడవి జంతువులన్నీ అపరిగ్రహులని మన పెద్దలు ఎన్నడూ భ్రమపడలేదు. చీమ దాచుకొంటుంది, తేనెటీగ దాచుకొంటుంది, చిరుతపులి తాను చంపినదాన్ని చెట్టెక్కించి దాచుకొంటుంది. ఈశావాస్యోపనిషత్తు తొలి మంత్రంలో ఇతరుల ధనం మీద ఆశ నిషేధిస్తూ వాడిన గృధ్ ధాతువు నుండే గ్రద్దకు గృధ్రమన్న పేరు వచ్చింది. అంటే లోభానికి కూడా ఉపమానం పక్షిలోకంలోనే దొరికింది. జంతువు గురువైనది అది సర్వగుణసంపన్నం కావడం వలన కాదు. చూచేవాడు శిష్యుడు కావడం వలన.

భాగవత ఏకాదశ స్కంధంలో యదుమహారాజుకు అవధూత చెప్పిన ఇరువదినలుగురు గురువుల కథ దీనికి ప్రమాణం. తెలుగులో ఈ స్కంధాన్ని వెలిగందల నారయ అనువదించాడు. ధర్మసూత్రంలో ఆదర్శమైన కపోతం ఇక్కడ హెచ్చరికగా మారింది; వలలో పడిన పిల్లల కోసం తానూ దూకి నశించిన అతిస్నేహానికి నిదర్శనమైంది. మాంసఖండాన్ని పట్టుకొన్న కురరపక్షిని, మాంసం లేని బలిష్ఠపక్షులు తరిమి పొడిచాయి. అది ముక్క విడిచిన క్షణంలోనే సుఖపడింది. తేనెటీగ విషయం మరింత విచిత్రం. అది రెండు పాఠాలకు గురువైంది. పుష్పాలను హింసింపక అనేక గృహాల నుండి కొంచెం కొంచెంగా స్వీకరించే ముని దానిని అనుసరించాలి. సాయంకాలానికి, రేపటికి అని దాచే భిక్షువు దానివలెనే కూడబెట్టినదానితో సహా నశిస్తాడు. పువ్వు దగ్గర ఉన్న తేనెటీగ ఆచార్యుడు, పట్టు దగ్గర ఉన్న తేనెటీగ అపరాధి. ప్రాణి ఒకటే, క్రియ వేరు. భిక్షువుకు చేయి పాత్ర, కడుపు భాండం అని అవధూత తేల్చిన మాటలోని భావం కూడా అదే. కడుపు నిండితే మరొక గిన్నె ఉండకూడదు.

సప్తమ స్కంధంలో సహ్యపర్వత సానువున, కావేరీ తీరాన, నేల మీద పడి ఉన్న ఒక మునిని ప్రహ్లాదుడు చూస్తాడు. ఆ ముని అజగరవ్రతుడు, అనగా కొండచిలువ వలె అయాచితంగా వచ్చినది మాత్రమే స్వీకరించేవాడు. ఏ ఉద్యోగమూ, ఏ భోగమూ లేకుండా నీ శరీరం ఇంత పుష్టిగా ఎలా ఉన్నది అని దైత్యరాజు అడిగిన ప్రశ్నలో కొంత చమత్కారమూ ఉన్నది. తేనెటీగ, మహాసర్పం ఈ రెండూ లోకంలో తనకు ఉత్తమ గురువులని ముని సమాధానం. తేనెటీగను చూచి, కష్టించి కూర్చినదాన్ని చంపి ఎత్తుకుపోయేవాడు ఉంటాడని తెలిసి విరక్తి నేర్చుకొన్నాడట. కొండచిలువను చూచి, దొరికిన దినం తిని దొరకని దినం ఊరకుండడం నేర్చుకొన్నాడట. శాంతిపర్వంలో కూడా ఇదే అజగర ప్రహ్లాద సంవాదం ఉన్నది. పతంజలి అపరిగ్రహ యమానికి వ్యాసభాష్యం చూపిన కారణాలను వీటితో పోల్చి చూడాలి. ఆర్జన, రక్షణ, క్షయం, సంగం, హింస అనే దోషాలను దర్శించి విషయాలను స్వీకరింపకపోవడమే అపరిగ్రహమని భాష్యకారుని మాట. మొదటి నాలుగూ తీసుకొనేవానికి కలిగే బాధలు. అయిదవది మాత్రం తీయబడినవానికి కలిగేది. ద్వైతవన మృగాలు వచ్చి నిలిచినది ఈ అయిదవ పదం దగ్గరనే.

సన్న్యాసికి, ఉంఛజీవికి చెల్లిన నియమం రాజ్యానికి చెల్లుతుందా అన్నది చరిత్రలో అసలైన పరీక్ష. భీష్ముడు శాంతిపర్వంలో పన్నుల విధానం చెబుతూ మరల జంతువులనే పిలిచాడు. తుమ్మెద చెట్టును బాధింపక తేనె తీసినట్లు, దూడకు మిగిల్చి పాలు పితికినట్లు, జలగ మెల్లగా నెత్తురు పీల్చినట్లు, ఆడపులి తన కూనను పళ్లతో పట్టి ఎత్తినా గాయపరచనట్లు రాజు గ్రహించాలన్నాడు. మనువు కూడా జలగ, దూడ, తుమ్మెదలను ఈ సందర్భంలోనే స్మరించాడు. ఆడపులి ఉపమానం వీటన్నింటిలో ఉత్కృష్టమైనది. పళ్లు అవే, దవడ అదే. లేడి మెడను విరిచేదీ కూనను మోసేదీ ఒకే నోరు. బలం లేకపోవడం కాదు సంయమం. బలమున్నచోట పట్టు ఎంతవరకో తెలియడం.

కౌటిలీయ అర్థశాస్త్రం దీనిని శాసనరూపంలోకి తెచ్చింది. సూనాధ్యక్షుడనే అధికారి అభయవనాలలోని మృగాలను రక్షించాలి. సజీవంగా పట్టిన మృగపక్షులలో ఆరవ వంతును అభయవనాలలో విడిచిపెట్టాలి. దూడను, వృషభాన్ని, పాడి ఆవును చంపరాదు, చంపినవానికి యాభై పణాల దండన. రాజుకు ధాన్యంలో షడ్భాగం ఎలాగో అడవికి ప్రాణులలో షడ్భాగం అలాగన్నమాట. శేషబీజం ఇక్కడ సంఖ్యగా మారింది.

ఆ తరువాతి ఘట్టానికి ప్రత్యక్ష సాక్ష్యం తెలుగునేల మీదనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్నది. అశోకుని పదునాలుగు ప్రధాన శిలాశాసనాలూ అక్కడ చెక్కబడి ఉన్నాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు ఈ చక్రవర్తి బౌద్ధధర్మాన్ని అవలంబించినవాడు. యజ్ఞపశువు విషయంలో ఆయన శాసనం వైదికులకు అంగీకారం కాకపోవచ్చు. కాని మొదటి శాసనంలో తన పాకశాల గురించి ఆయన చెప్పినది సత్యనిష్ఠకు ఉదాహరణం. పూర్వం తన వంటశాలలో కూరల కోసం ప్రతిదినం లక్షలాది ప్రాణులు చంపబడేవనీ, ఈ శాసనం వ్రాయించే నాటికి మూడు మాత్రమే, రెండు నెమళ్లు, ఒక మృగం, ఆ మృగం కూడా నిత్యం కాదనీ, ఇకముందు ఆ మూడు కూడా ఉండవనీ ప్రకటించాడు. పూర్తిగా మానివేశానని గొప్ప చెప్పుకోలేదు. ఇంకా మూడున్నాయని ఒప్పుకొన్నాడు. అభిషేకమైన ఇరువదియారవ సంవత్సరంలో వేయించిన స్తంభశాసనంలో అవధ్యమైన ప్రాణుల పట్టిక ఇచ్చి, చూలుతో ఉన్నవాటిని, పాలిచ్చేవాటిని, ఆరు మాసాలు నిండని పిల్లలను చంపరాదనీ, నిష్కారణంగా అడవులను కాల్చరాదనీ ఆదేశించాడు. చూలుదీ పాలిచ్చేదీ పిల్లదీ అంటే బీజమే.

మరల ధర్మరాజు వద్దకే రావాలి. అశ్వమేధం ముగిసింది, దానాలు జరిగాయి, లోకమంతా కొనియాడుతున్నది. అప్పుడు నీలికన్నుల ముంగిస ఒకటి యజ్ఞవాటికకు వచ్చి, ఈ యాగం కురుక్షేత్రంలోని ఉంఛవృత్తి బ్రాహ్మణుని ప్రస్థం పేలపిండికి సాటిరాదని మనుష్యవాక్కుతో పలికింది. దుర్భిక్షంలో కపోతంవలె గింజలేరి, ప్రస్థం యవలు సంపాదించి, పిండి చేసి, తలకొక కుడవంగా పంచుకొన్న భార్యాభర్తలు, కొడుకు, కోడలు, నలుగురూ వరుసగా తమ వంతును అతిథికి ఇచ్చివేశారు. ఆ పిండి రజను సోకి ముంగిసకు సగం దేహం బంగారమైంది. రెండవ సగం కోసం అది ఎన్నో యజ్ఞవాటికలలో పొర్లింది, ఇక్కడా పొర్లింది, మారలేదు. ద్రోణంలో పదునారవ వంతు ప్రస్థం. మహాయాగ సంభారాలను తూచడానికి భారతకారుడు ఎంచుకొన్న తూనికరాయి అంత చిన్నది. వనవాసంలో లేళ్ల మాట విని లేచిపోయిన రాజు రాజ్యం వచ్చిన తరువాత ముంగిస మాట కూడా వినవలసి వచ్చింది. ఐశ్వర్యం ఎంత పెరిగినా చెప్పేవారు మాత్రం మారలేదు.

తరువాతి శతాబ్దాలలో పొలంలోని ఉంఛం క్రమంగా వీధిలోని ఉంఛంగా పరిణమించింది. భగవన్నామం పాడుతూ ఇల్లిల్లూ తిరిగి గుప్పెడేసి బియ్యం స్వీకరించడానికి ఆ పేరు స్థిరపడింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి (1767–1847) ఆచరించినది ఈ ఉంఛవృత్తినే. తంజావూరు రాజసత్కారాన్ని ఆయన తిరస్కరించినట్లు సంప్రదాయం చెబుతుంది. పుష్య బహుళ పంచమినాటి ఆరాధనలో నేటికీ వీధులలో ఆ ఉంఛవృత్తిని జరుపుతారు. శాస్త్రదృష్టితో చూస్తే ఇది ఉంఛం కంటె మధుకరానికి సన్నిహితం. ఒకే ఇంట కడుపునిండా తినక, పలు ఇండ్ల పిడికెళ్లు చేర్చుకోవడం తుమ్మెద పద్ధతి కాని పావురం పద్ధతి కాదు. తెలుగుదేశంలో వేదవిద్యార్థులు మధుకరమెత్తుకొని, వారాలు చెప్పుకొని చదువుకొన్న కాలం మరీ ప్రాచీనం కాదు. వారానికొక ఇల్లు చొప్పున ఏడిళ్లు మాట్లాడుకొంటే ఏ ఇంటికీ భారం కాదు, విద్యార్థికి పస్తు లేదు. పేదరికానికి చేసిన సర్దుబాటు మాత్రమే అని దీనిని కొందరు చిన్నచూపు చూస్తారు. ఏడిళ్ల ఇల్లాండ్రకూ ఆ పిల్లవాడు ఏ సూక్తం వరకు వచ్చాడో తెలిసి ఉండేదని వారు మరచిపోతారు.

ఉంఛంలోని పక్షి మాత్రం పూర్తిగా పోలేదు. గోదావరి కృష్ణా మండలాలలో కోతలు కాగానే కొత్త వరివెన్నులను కుచ్చులుగా అల్లి ఆలయ ముఖమండపాలలో, ఇండ్ల చూరులకు వ్రేలాడదీయడం ఇప్పటికీ అక్కడక్కడ ఉన్నది. అది అలంకారం కోసం కాదు, పిచ్చుకల కోసం. మండపంలో మంత్రపుష్పం జరుగుతుండగానే అవి వచ్చి వ్రేలాడుతూ, ముక్కుతో ఒక్కొక్క గింజనే తీసి ఒలుచుకొని, ఊక క్రింద రాల్చి, ఎగిరిపోతాయి. కుచ్చు ఒక్కనాడే ఖాళీ కాదు. ఉగాది వచ్చేవరకు నిలిచిన కుచ్చులు కూడా ఉన్నాయి.